హనుమాయమ్మ సాన పట్టించిన బాకు

మా వీధిలో హనుమాయమ్మ చెయ్యి పడకుండా పెళ్ళి జరగలేదు. జరిగినా అది లెక్కలోకి రాదని ఆవిడే తేల్చిపారేసేది. నలుగుపిండి ఎవరు కలపాలి, ఐరేని కుండలు ఏ మూల పెట్టాలి, పెళ్ళికొడుకు ఏ కాలు ముందుపెట్టి గడప దాటాలి, అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. పంతులుగారు కూడా ఒక మంత్రం పూర్తిచేసి, తర్వాతది చదవనా అన్నట్టు ఆవిడ వైపు చూసేవాడు. అలాంటి మనిషి ఇంట్లో, అదీ పెళ్ళి ముందురోజు అలాంటిది జరిగిందంటే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. నా మనసుతో పనేముంది? జరిగింది. ఊరంతా చూసింది. చూడనివాళ్ళు ఫోన్లలో చూశారు.

హనుమాయమ్మ పెదకూరపాడు ఆడపడుచు. మా ఎదురింటి త్రికోటేశ్వరరావుకిచ్చి చేశారు. కాపరానికొచ్చిన కొత్తలోనే కుళాయి దగ్గర నా బిందె పక్కకి నెట్టి తన బిందె పెట్టింది.

“ఏమే, కొత్త కోడలివి. వరసన నిలబడటం మీ ఊళ్ళో నేర్పలేదా?” అన్నాను.

“నేర్పారక్కా. కుళాయి కాడ కబుర్లు చెప్పుకుంటా నిలబడ్డోళ్ళ కోసం నీళ్ళు ఆగవని కూడా నేర్పారు” అంది.

నాకు ఎదురు చెప్పి నిలబడ్డవాళ్ళు మా ఊళ్ళో ఎక్కువమంది లేరు. ఆ రోజే నాకు నచ్చింది. అప్పట్నించి నేను దానికి రత్నమ్మక్కని, అది నాకు హనుమాయి.

మొగుడు నెమ్మదస్తుడు. మూడెకరాలు సొంతం, ఇంకాస్త కౌలు, ఏటా మిరపే. లేకలేక ఒక్క కొడుకు పుడితే మాచర్ల స్వామి పేరు పెట్టుకున్నారు, చెన్నకేశవ అని. వాడికి నడక వచ్చిన మరుసటేడు హనుమాయి తమ్ముడూ మరదలూ కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్తూ, పసివాడు సుధాకర్ని ఆ ఒక్కరోజుకి చూడమని ఈవిడ దగ్గర వదిలివెళ్ళారు. వచ్చేటప్పుడు ఆటో తిరగబడింది. ఇద్దరూ రోడ్డు మీదే పోయారు. ఆ ఒక్కరోజు ఇరవై ఏళ్ళు దాటి సాగింది.

ఇద్దరు పిల్లల్నీ ఒకే కంచంలో కలిపి తినిపించేది. ఒకడు అమ్మా అనేవాడు, ఒకడు అత్తా అనేవాడు, అంతే తేడా. పక్కింటి బసవమ్మకి నోరు ఊరుకోదు. “మేనల్లుడి ముద్ద కాస్త పెద్దగా ఉన్నట్టుందే” అంది ఓసారి.

“నీ కంచంలోది అడిగాడా?” అంది హనుమాయి. బసవమ్మ మళ్ళీ ఆ ముద్దల ఊసెత్తలేదు.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చెన్నకేశవ తండ్రితో పొలంలోకి దిగాడు. సుధాకర్ ఐటీఐ చదివి పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర ఎలక్ట్రీషియన్‌గా కుదిరాడు. ఈ రోజుల్లో పొలం చేసే కుర్రాడికి పిల్లనిచ్చేవాడు లేడు. నెలజీతం కావాలి, అది ఎంతైనా సరే. గురజాల నుంచి తేజస్వి అనే పిల్ల తరఫువాళ్ళు చెన్నకేశవని చూడటానికే వచ్చారు. కాఫీలు తాగారు, మిరప తోటకి ఏం తెగులొచ్చిందో అడిగారు, లేచేముందు గుమ్మంలో నిలబడి, “ఆ రెండో అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?” అన్నారు.

హనుమాయి మొహం మాడిపోయింది. చెన్నకేశవే పకపకా నవ్వాడు. “వాడికే కట్టెయ్యమ్మా. వాడికి జీతం ఉంది, నాకు పురుగుమందు వాసనుంది” అన్నాడు. అన్నవాడు అన్నట్టే పందిరి గుంజలు తానే పాతాడు, పెళ్ళికార్డులు బండి మీద తానే పంచాడు. వాడి కడుపులో ఏముందో మాలో ఎవరూ అడగలేదు. నవ్వేవాణ్ణి ఎవరు అడుగుతారు?

ఇక ఆ బాకు సంగతి. మా వాళ్ళలో పెళ్ళికొడుకుని చేసిన దగ్గర్నించి తాళి కట్టేదాకా అబ్బాయి ఒంటి మీద ఇనుము ఉండాలి. గాలీ ధూళీ సోకకుండా. జానెడు బాకు కొసకి నిమ్మకాయ గుచ్చి చేతికిస్తారు. పడుకున్నా లేచినా అది వదలకూడదు, కాయ తియ్యకూడదు. కాయ కొసకి ఉంటే ఎవరికీ గుచ్చుకోదు కూడా. హనుమాయి పుట్టింటి బాకుకి ఇత్తడి పిడి, మొండి కొస. తమ్ముడి పెళ్ళిలో ఆ మొండి కొస మీద నిమ్మకాయ దిగక, బలంగా నొక్కితే పగిలింది. పగిలిన కాయతోనే పెళ్ళి కానిచ్చారు. తమ్ముడు అర్ధాయుష్షుతో పోయింది అందుకేనని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ముందు ఎవరి మాటా చెల్లదు, నాది కూడా.

అందుకని పెళ్ళి నాలుగు రోజులుందనగా సాన పట్టే దావూద్ సైకిలు వీధిలోకి రాగానే బాకు పట్టుకుని తనే వెళ్ళింది. నేను అరుగు మీదే ఉన్నాను.

“ఏందమ్మా, పెళ్ళికా, కోడిని కొయ్యడానికా?” అన్నాడు దావూద్.

“పెళ్ళికే. నిమ్మకాయ పగలకూడదు దావూదూ. వెన్నలో దిగినట్టు దిగాల.”

“అట్టయితే రెండు వైపులా పెడతా. కొస గూడా తీస్తా. చానా పదునొచ్చిద్ది, పిల్లగాళ్ళకి దూరంగా పెట్టు తల్లీ.”

“నాకు చెప్పొచ్చావు” అని నవ్వింది. నిప్పురవ్వలు లేస్తుంటే బిడ్డకి జడ అల్లేటప్పుడు చూసినట్టు చూస్తూ నిలబడింది.

పెళ్ళి రేపు తెల్లవారుజామున అనగా ఆ పొద్దున సుధాకర్ని పెళ్ళికొడుకుని చేశారు. పసుపు బట్టలు, కాళ్ళకి పారాణి, బుగ్గన చుక్క. నిమ్మకాయ గుచ్చితే చిన్న చెమ్మ కూడా రాలేదు. హనుమాయి మా అందరి వైపూ గర్వంగా చూసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్నేహితులు వచ్చిపడ్డారు. కల్లంలో పార్టీ అట. డీజే తెచ్చారట, కేకు తెచ్చారట, ఇంకేం తెచ్చారో మాకు చెప్పలేదు.

“పెళ్ళికొడుకుని చేశాక పొలిమేర దాటకూడదురా” అంది హనుమాయి.

“కల్లం పొలిమేర లోపలే ఉందమ్మా. కావాలంటే వీఆర్వోని పిలిచి కొలిపిస్తా” అన్నాడు చెన్నకేశవ. అందరూ నవ్వారు.

“చీకటి పడకముందే ఇంట్లో ఉండాల. బాకు నడుమున ఉంటేనే గడప దాటేది.”

సుధాకర్ నసిగాడు. “అక్కడ ఎందుకత్తా, అందరూ నవ్వుతారు. ఇక్కడే దేవుడి గూట్లో పెట్టి పోతా.”

“నవ్వనీ. నవ్వితే పళ్ళు కనపడతయ్యి, అంతేగా!” అని ఆవిడే వాడి నడుముకి కట్టిన తువ్వాలులో బాకు దోపి, ఊడకుండా ముడేసింది. మేమంతా చూశాం. మాలో ఒక్కరికీ తప్పనిపించలేదు. బాకు లేకుండా వెళ్తేనే తప్పనుకునే ఆడవాళ్ళం.

పొద్దు ఇంకా వాలలేదు. మేం తలంబ్రాల బియ్యానికి పసుపు పట్టిస్తున్నాం. అంతోని అని వాళ్ళ స్నేహితుడే, బండి మీద వచ్చి పందిట్లో ఆగాడు. బండి దిగలేదు.

“అమ్మా, చెన్నా పడిపోయాడు” అన్నాడు.

“తాగి పడ్డాడా? మొహాన నీళ్ళు కొట్టండి, లేస్తాడు” అంది హనుమాయి, చేతిలో బియ్యం కలుపుతూనే.

అంతోని చొక్కా చూశాను నేను. మొదట కుంకుమ నీళ్ళనుకున్నాను. పెళ్ళింట్లో ఇంకేం అనుకుంటాం? ఆవిడ కూడా చూసింది. పసుపు చేతులతోనే లేచి పరిగెత్తింది. ఆ భారీ మనిషి అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

ఆస్పత్రికి చేరకముందే పోయాడు చెన్నకేశవ. ఒక్క పోటు. పొడిచింది సుధాకర్. పొడిచినవాడు పారిపోలేదు. బావ తల ఒళ్ళో పెట్టుకుని “లే బావా, లే బావా” అని కదుపుతూ కూర్చున్నాడట, అంబులెన్సు వచ్చేదాకా. పోలీసులు వాణ్ణి అక్కడే పట్టుకున్నారు. కింద పరిచిన పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎంత నెత్తురు పోయిందో ఆ ఎరుపులో తెలియలేదన్నారు చూసినవాళ్ళు.

శవాన్ని తెచ్చి ఎక్కడ పడుకోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. వాకిలంతా పందిరే. ఆ పందిరి కిందే, వాడు పాతిన గుంజల మధ్యే పడుకోబెట్టారు. పైన మామిడాకులు ఎవరూ తెంపలేదు. డెబ్బై ఏళ్ళు దాటినదాన్ని, ఎన్ని చావులు చూశాను! ఆ ఆకుపచ్చ తోరణం కింద ఆ మొహం రెండోసారి చూడలేకపోయాను.

పార్టీలో ఎవడో తీసిన ఆ వీడియో చూడనని మొండికేశాను. కానీ చూడకపోతే ఊళ్ళో తలొకరూ తలొక కథ చెబుతున్నారు. చివరికి అంతోని ఫోన్ తీసుకుని చూశాను. డీజే మోగుతోంది. చెన్నకేశవ గ్లాసు పైకెత్తి, “ఒరేయ్, సోడాలో పిండుకోడానికి ఒక్క నిమ్మకాయ తేలేదంట్రా మీరు?” అని అరిచాడు. సుధాకర్ నడుమున బాకు కనిపించింది. చెన్నకేశవే ముడి విప్పి, బాకు లాగి కొసన ఉన్న కాయ ఊడబెరికాడు. పంటితో చీల్చి గ్లాసులో పిండాడు. కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. బావామరుదుల సరసాలకి మా వైపు హద్దు లేదు, అదీ పెళ్ళి ముందర. అందుకే ఎవరూ అడ్డం రాలేదు.

సుధాకర్ మొహం మాత్రం పాలిపోయింది. బాకు వెనక్కి లాక్కున్నాడు. “కాయ తియ్యకూడదు బావా. అత్త ఏమన్నదో తెలుసుగా. ఏందీ పని?”

“అత్త ఏందిరా అత్త? మా అమ్మ!” అన్నాడు వాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “కాయ గుచ్చింది మా అమ్మ. ఇల్లు మా నాయనది. నాకొచ్చిన పిల్లని గూడా నువ్వే తీసుకున్నావు. ఇంక మా అమ్మని గూడా తీసుకుంటావా? నీకు అమ్మెక్కడిదిరా?”

ఫోన్ పట్టుకున్నవాడు కూడా నవ్వుతున్నాడు. అంతలో బొమ్మ ఊగిపోయింది. ఒక కేక. మిరపకాయలు, ఆకాశం, ఎవరిదో చెప్పు. పాట మాత్రం ఆగలేదు.

అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అన్నవాడూ తాగి ఉన్నాడు, విన్నవాడూ తాగి ఉన్నాడు, కాయ లేని బాకు చేతిలో ఉంది. నాకు తెలిసినంతలో జరిగింది ఇంతే. ఇంతలోకే ఒక ప్రాణం పోతుందా? పోయింది.

చిన్నదినం అయ్యాక త్రికోటేశ్వరరావు మనిషి మనిషిలా లేడు. నోట్లో నాలుక లేదనుకునేవాళ్ళం, అదీ పొరపాటే. కల్లంలో ఉన్న మిరపకాయంతా కుప్ప చేసి తగలబెట్టాడు. ఊరు ఊరంతా దగ్గింది, కళ్ళు మండి తలుపులు వేసుకున్నాం. తర్వాత నరసరావుపేట వెళ్ళి ప్లీడర్ని పట్టుకున్నాడు. ఆయన ఏం చెప్పాడంటే, తాగిన మైకంలో, ఉన్నపళాన జరిగిందంటే కొన్నేళ్ళలో బయటికి వస్తాడు, అదే ముందుగా అనుకుని బాకుకి పదును పెట్టించుకుని పోయాడని రుజువైతే యావజ్జీవం. బాకు కొత్తగా సాన పట్టింది. పోలీసులకి ముందుగా అనుమానం వచ్చింది కూడా దాని మీదే.

ఒకరోజు పొద్దున నేను హనుమాయికి జావ తీసుకెళ్ళి కూర్చున్నాను. ఆవిడ ముట్టలేదు. వంటింటి గోడకి ఆనుకుని ఎటో చూస్తోంది. పెరటి తలుపు దగ్గర దావూద్ నిలబడ్డాడు. సైకిల్ లేకుండా వాణ్ణి నేను చూడటం అదే.

“అమ్మా, ఎస్సైగారు పిలిపించాడు. ఈ బాకుకి సాన పెట్టించింది ఎవరని అడుగుతున్నాడు. రేపు చెప్తానని వచ్చా. అయ్యగారేమో, సుధాకరే తెచ్చాడని చెప్పమంటున్నాడు.” తల వంచుకున్నాడు. “నేను నీకు చేసిపెట్టా. అబద్ధం ఆడలేను, ఆయన కొడుకు పోయినోడు, ఆయనకి ఎదురు చెప్పలేను. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు తల్లీ.”

హనుమాయి వాడి వైపు తిరగలేదు. “ఇంటికి పో దావూదూ” అంది. వాడు వెళ్ళాడు.

అప్పుడే త్రికోటేశ్వరరావు లోపలికి వచ్చాడు. వాణ్ణి చూశాడో, మాట విన్నాడో. భార్య ముందు చతికిలబడి కూర్చున్నాడు.

“రేపు ఎస్సై ఇంటికొస్తాడు. నీ మాట రాసుకుంటాడు. బాకు గూట్లో ఉండేది, వాడే తీసుకుపోయాడు, సాన సంగతి నాకు తెలవదు అను. అంతే. ఇంకో మాట వద్దు.”

ఆవిడ జావ గిన్నె పక్కకి జరిపింది.

“కన్నకొడుకే! కన్నకొడుకుని పొడిచాడే వాడు! నువ్వు పెట్టిన తిండి తిని!” అంటూ నేల మీద అరచేత్తో కొట్టాడు. “వాడి కోసం నోరు తెరిచావంటే నీకూ నాకూ ఏం లేదు.”

నేను లేవబోయాను. హనుమాయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. అంతోనిని పిలిపించి ఆ వీడియో పెట్టమంది. వద్దే అన్నాను. వినలేదు. కొడుకు నోటి నుంచి ఆ మాట వచ్చే దగ్గర ఆపించి, మళ్ళీ పెట్టించుకుని విన్నది. “నీకు అమ్మెక్కడిదిరా” అని. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఎస్సై వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. అరుగు మీద కుర్చీ వేశాం. కానిస్టేబుల్ కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. త్రికోటేశ్వరరావు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బసవమ్మ వాళ్ళ పిట్టగోడ మీద నాలుగు తలలు. నేను ఒక్క చూపు చూస్తే మూడు తలలు దిగిపోయాయి, బసవమ్మ మాత్రం ఉంది.

“అమ్మా, ఆ బాకు సుధాకర్ దగ్గరికి ఎట్టా వచ్చింది?”

“నేనే ఇచ్చా.”

త్రికోటేశ్వరరావు కదిలాడు. ఎస్సై చెయ్యెత్తి ఆపాడు.

“నేనే నడుముకి దోపి ముడేశా. వాడు వద్దన్నాడు. గూట్లో పెట్టి పోతానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. రత్నమ్మక్క ఉంది, అడగండి.”

నా వైపు చూశాడు. ఔనన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకూ లేదు.

“సాన?”

“నేనే పట్టించా. దావూద్ చేత. నిమ్మకాయ పగలకుండా దిగాలని.”

“నిమ్మకాయ కోసమా?” అన్నాడు ఎస్సై. కానిస్టేబుల్ రాయడం ఆపాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అంత చదువుకున్నవాళ్ళకి కూడా ఆ మాట మింగుడు పడలేదు.

“అవునయ్యా, నిమ్మకాయ కోసం. రాసుకో” అంది హనుమాయి.

త్రికోటేశ్వరరావు గొంతు చించుకున్నాడు. “వాణ్ణి కాపాడుతుంది సార్! కొడుకు పోయినా మేనల్లుడే ముద్దు దీనికి! మొదట్నించీ అంతే!”

అప్పుడు తిరిగింది ఆవిడ మొగుడి వైపు. అరవలేదు. పెళ్ళి పందిట్లో పెద్దగొంతుతో అందర్నీ అదిలించే మనిషి, పక్కనున్న నాకు కూడా కష్టంగా వినపడేంత చిన్నగా మాట్లాడింది.

“వాడి కోసం గాదు. వాడి మొహం ఇంక నేను చూడను. జైల్లో చచ్చినా చూడను. ఇది నా కొడుకు కోసం. ముందుగా అనుకుని, కత్తికి సాన పెట్టించుకుని పోయి చంపాడని నువ్వు రాయిస్తే, రేపు లోకం ఏమంటది? అంత పగ పెట్టుకోడానికి చెన్నకేశవ ఏం జేశాడూ అంటది. వాడి పెళ్ళి చెడగొట్టబోయాడా, ఆ పిల్ల వెంట పడ్డాడా అంటది. నా కొడుకు ఏం జేశాడు? తాగి ఒక మాట అన్నాడు. అనకూడని మాటే. ఆ ఒక్క మాటే. అంతకుమించి నా కొడుకు మీద నేను పడనియ్యను.”

పిట్టగోడ మీద బసవమ్మ కూడా తల దించుకుంది.

ఎస్సై రాసింది చదివి వినిపించాడు. హనుమాయి ఒక చోట ఆపింది. “వాడు వద్దన్నాడు అనేది రాయలేదు.” రాశాక మళ్ళీ చదివించుకుంది. వేలిముద్ర వేస్తావా అంటే తలూపి వేలు చాచింది. వేలు మీద సిరా పెట్టబోతూ కానిస్టేబుల్ ఆగిపోయాడు. గోళ్ళ సందుల్లో తలంబ్రాల పసుపు ఇంకా అట్టాగే ఉంది.

వాళ్ళు వెళ్ళాక త్రికోటేశ్వరరావు చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే మాత్రం నేను ఊరుకునేదాన్ని కాదు. ఆయన ఆవిణ్ణి చూస్తున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఎటు వెళ్తాడోనని నేను కూడా వెనకే వెళ్ళాను.

దావూద్ మసీదు సందు దగ్గర ఎవరిదో కొడవలి సాన పడుతున్నాడు. ఈయన్ని చూడగానే పెడలు మీంచి కాలు తీసేశాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది.

“స్టేషన్‌కి పోతున్నావా?” అన్నాడు త్రికోటేశ్వరరావు.

“పోవాలి అయ్యా.”

“ఆమే ఇచ్చిందని చెప్పు.”

దావూద్ ఏదో అనబోయాడు. త్రికోటేశ్వరరావు వినకుండా వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేసి, ఆ సందు గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.